గోగు పువ్వు, వాల్తేరు ల్యాబు, మా మాస్టారు

ఆంధ్రా యూనివర్సిటీకి వందేళ్ల పండగ అని మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈమధ్య రోజూ ఏదో ఒకటి వస్తోంది. ఎక్కువగా లిస్టులు. తొలి వైస్ ఛాన్సలర్లు కట్టమంచి రామలింగారెడ్డి గారి ఫొటో, రాధాకృష్ణన్ గారి ఫొటో, ఆ తర్వాత సైన్స్ వాళ్లు, సూరి భగవంతం, టి.ఆర్. శేషాద్రి, సి.ఆర్. రావు, ఒక్కొక్కరి పక్కన వచ్చిన అవార్డులు, చేసిన పదవులు. చూస్తే గర్వంగానే ఉంటుంది, నేనూ నలుగురికి పంపాను. కానీ ఆ లిస్టులు చదివాక కూడా, అసలు వీళ్లు ఏం చేశారు, వాల్తేరులో ఆ కొండ మీద కూర్చుని చేతిలోకి ఏం తీసుకుని చేశారు అని మా మేనకోడలు అడిగితే చెప్పడానికి అందులో ఒక్క ముక్క లేదు. అందుకే నాకు తెలిసినంతలో, నేను చూసినంతలో రాస్తున్నాను. పెద్దదే అవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. అప్పట్లో మా వైపు మెట్ట పొలాల్లో గోగు బాగా వేసేవారు. తొలకరికి విత్తితే మనిషి కంటే ఎత్తు పెరిగేది. దసరాల ముందు పూత మొదలయ్యేది, లేత పసుపు రేకులు, నడుమ ముదురు ఎరుపు మచ్చ. పూత వచ్చిందంటే కోతకు వచ్చిందని లెక్క, ఎందుకంటే కాయ ముదిరే దాకా ఆగితే నార గట్టిపడిపోతుంది. కోసి, కట్టలు కట్టి, చెరువులో నానేసి పైన మట్టి బరువు పెట్టేవారు. నానిన తర్వాత నడుంలోతు నీళ్లలో నిలబడి నార ఒలవాలి. ఆ వాసన ఊరంతా పట్టేది, నాన్న ఎన్నిసార్లు స్నానం చేసినా ఒంటిని వదిలేది కాదు. నార ఆరబెట్టి నెల్లిమర్ల జూట్ మిల్లు వైపు వెళ్లే వ్యాపారికి వేసేవాళ్లు, పుల్లలు పొయ్యిలోకి. ఆకు ఎలాగూ కూరలోకి. పువ్వుని మాత్రం మా ఊళ్లో ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి వడిలిపోయే పువ్వది.

నేను 1983లో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీలో చేరాను. సైన్స్ కాలేజీ అంటాం గానీ దాని పూర్తి పేరు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారి పేరు మీద ఉంది. ఏటా లక్ష రూపాయలు యూనివర్సిటీకి ఇచ్చిన మనిషి ఆయన. 1930ల్లో ఏటా లక్ష అంటే ఎంతో ఊహించుకోండి. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఇంకా తుప్పలూ డొంకలే ఉండేవట, అలాంటి చోట గ్యాస్ లైన్లు, నీళ్ల పైపులు వేసి ల్యాబులు లేపారంటే ఆ డబ్బు వల్లే. రామలింగారెడ్డి గారు, రాధాకృష్ణన్ గారు ఇద్దరూ సైన్స్ చదివిన వాళ్లు కాకపోయినా సైన్స్‌కి మంచి వాళ్లని వెతికి తెచ్చారు. నాకు ఆ ఇద్దరి మీద గౌరవం ఎక్కువగా ఇందుకే.

మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో మా మాస్టారు ఒకాయన టేబుళ్ల మధ్య తిరుగుతూ నా దగ్గర ఆగారు.

"ఏమ్మా, ఏ ఊరు మీది?"

"చీపురుపల్లి దగ్గరండి మాస్టారూ."

"అయితే గోగు చేలు చూసుంటావు."

"చూడ్డమేంటండి, మాకు రెండెకరాలు అదే."

"మరి గోగు పువ్వులో ఏముందో తెలుసా?"

తెలియదన్నాను. ఆయన నవ్వలేదు, పాఠమూ చెప్పలేదు. సాయంత్రం వి.ఎస్. కృష్ణా లైబ్రరీకి వెళ్లి ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ల ప్రొసీడింగ్స్, 1942 సంపుటం తీయమన్నారు, అంతే.

వెళ్లాను. బైండు చేసిన లావు పుస్తకం, కాగితం అంచులు గోధుమ రంగుకి తిరిగాయి. అందులో రావు, శేషాద్రి అని రెండు పేర్లు, కింద గోగు మొక్క లాటిన్ పేరు, దాని పూరేకుల్లోంచి విడదీసిన పసుపు పదార్థం గురించి పేపరు. దానికి వాళ్లు కన్నాబిసిట్రిన్ అని పేరు పెట్టారు. అదే ఏడాది ఇంకో పేపరు, అది ఎర్ర గోంగూర పూల మీద. ఎలా తీశారో వరసగా రాశారు, ఎండబెట్టిన రేకుల్ని ఆల్కహాల్లో మరిగించి, వడపోసి, ఈథరుతో కడిగి, సీసం ఉప్పుతో కిందికి దింపి. ఎక్కడా ఒక్క పెద్ద మాట లేదు. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. సైన్స్ అంటే ఎక్కడో లండన్‌లోనో జర్మనీలోనో అయ్యే పని, మనం చదువుకుని పరీక్ష రాస్తే చాలు అనే అభిప్రాయంలో పెరిగిన పిల్లని. మా చేలో కోత ముందు రాలిపోయే పువ్వు మీద, నేను పుట్టకముందే, నేను చదువుతున్న డిపార్ట్‌మెంట్ వాళ్లే పని చేసి ప్రపంచానికి చెప్పారన్న సంగతి మా నాన్నకి తెలియదు, మా ఊళ్లో ఎవరికీ తెలియదు, మా డిగ్రీ కాలేజీలో కూడా ఎవరూ చెప్పలేదు.

శేషాద్రి గారు తమిళ దేశం వారు. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చారు, ఆ రాబిన్సన్‌కి తర్వాత 1947లో నోబెల్ వచ్చింది. అంత చోట చదివి వచ్చిన మనిషి వాల్తేరులో చేరాక చుట్టూ చూసి ఏం ఎంచుకున్నారో చూడండి. పత్తి పూలు. నీలకంఠం గారితో కలిసి పత్తి పూల రంగుల మీద వరసగా పేపర్లు వేశారు. గంగరావి పూలు, గోగు పూలు, గోంగూర పూలు. ఎస్. రంగస్వామి గారితో కలిసి కానుగ నూనెలోంచి పొంగమాల్ అనే పదార్థం తీశారు. పుండ్లకి రాసుకునే కానుగ నూనె అది, మా నాయనమ్మ గూట్లో సీసా ఎప్పుడూ ఉండేది. ఖరీదైన రసాయనాలు ఓడల మీద రావాల్సిన రోజులవి, యుద్ధం మొదలయ్యాక అవీ లేవు. పువ్వులు, గింజలు, బెరడు మాత్రం ఊరూరా ఉన్నాయి. ఆ పనికి కావలసింది కిలోల కొద్దీ పూరేకులు, అదీ వడలకముందే పొద్దున్నే కోసినవి. వాటిని ఎవరు కోశారు, ఎవరు నీడలో ఆరబెట్టారు అని నాకు ఇప్పటికీ కుతూహలమే. మా వైపు ఆడవాళ్లే అయ్యుంటారని నా నమ్మకం.

1942 ఏప్రిల్లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. క్యాంపస్ మిలిటరీ చేతికి వెళ్లింది, యూనివర్సిటీ గుంటూరుకి తరలింది. ల్యాబు సామాను, పుస్తకాలు, పిల్లలు అందరూ మూటాముల్లె సర్దుకుని వెళ్లారు. యుద్ధం అయ్యాకే మళ్లీ వాల్తేరు. ఆ ఏళ్లలో కూడా పేపర్లు ఆగలేదు, సంపుటాలు తిరగేస్తే వరసగా కనిపిస్తాయి. శేషాద్రి గారు 1949లో ఢిల్లీ వెళ్లారు, 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, 1963లో పద్మభూషణ్. లిస్టుల్లో ఉండేది ఈ చివరి వాక్యమే. నా దృష్టిలో ఆయన పేరుకి పునాది వేసినవి వాల్తేరు, గుంటూరు ఏళ్లే.

నేను ఆ మర్నాడు మాస్టారి దగ్గరికి వెళ్లి చదివానని చెప్పాను. ఆయన డ్రాయరులోంచి పొట్లం తీశారు, ఎండిన పూరేకులు. ఆల్కహాల్లో వేసి వెచ్చబెట్టమన్నారు. లేత పసుపు నీరు వచ్చింది. దాన్ని టెస్ట్‌ట్యూబులో పోసి, మెగ్నీషియం తురుము చిటికెడు వేసి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు చుక్కలుగా వేయమన్నారు. బుడగలు పొంగి, పసుపు కాస్తా నెమ్మదిగా గులాబీ, ఆ తర్వాత గోరింటాకు పండినట్టు ఎర్రగా తిరిగింది. ఫ్లేవనాయిడ్లు, అంటే మొక్కల్లో ఉండే ఒక రకం రంగు పదార్థాలు, ఉన్నాయో లేదో చూసే మామూలు పరీక్ష ఇది, పుస్తకంలో షినోడా టెస్ట్ అని ఉంటుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ల పాటు డిగ్రీ పిల్లల చేత నేను ఇదే చేయించాను, ఏ ఊరి పిల్లకి ఆ ఊరి పువ్వు తెమ్మని చెప్పి మరీ.

ఇక ఫిజిక్స్ వైపు. మా కెమిస్ట్రీ వాళ్లకి వాళ్లతో ఎప్పుడూ చిన్న పోటీ ఉండేది. వాళ్ల దేవుడు భగవంతం గారు. 1928లో రామన్ ఎఫెక్ట్ కనిపెట్టిన రోజుల్లో కలకత్తాలో రామన్ గారి పక్కన పనిచేసిన కుర్రవాడు. వజ్రాల మీద కాంతి పడితే ఎలా చెదురుతుందో కొలిచారు, కాంతి కణానికి స్పిన్ ఉందని ప్రయోగంతో చూపించిన పేపర్లో రామన్ పేరు పక్కన ఆయన పేరు ఉంది. 1932లో వాల్తేరు వచ్చి ఫిజిక్స్‌ని నిలబెట్టారు. రామన్ ఎఫెక్ట్ మీద ఆయన రాసిన పుస్తకం 1940లో, టి. వెంకటరాయుడు గారితో కలిసి గ్రూప్ థియరీ అనే గణితాన్ని ఫిజిక్స్‌లో వాడటం మీద రాసిన పుస్తకం 1948లో, రెండూ ఆంధ్రా యూనివర్సిటీయే అచ్చు వేసింది. ఆ రెండోది నేను లైబ్రరీలో చూశాను, అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉంది, అంతమంది వాడారన్నమాట. తర్వాత ఆయన ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయ్యారు, బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ అయ్యారు, రక్షణ మంత్రికి సైన్స్ సలహాదారు అయ్యారు.

స్వామి జ్ఞానానంద గారి కథ ఇంకోలాంటిది. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు వారి అబ్బాయి, సన్యాసం తీసుకుని హిమాలయాలకి వెళ్లి, అక్కడి నుంచి యూరప్ వెళ్లి, ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద డాక్టరేట్ చేసి, ఇంగ్లాండులో న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పనిచేసి, ఆ తర్వాత అమెరికా వెళ్లి, చివరికి 1950ల మధ్యలో వాల్తేరు వచ్చి న్యూక్లియర్ ఫిజిక్స్ పెట్టారు. కాషాయ బట్టల్లోనే ల్యాబులో తిరిగేవారని మా సీనియర్ల సీనియర్లు చెప్పేవారు. ఆ ల్యాబులు ఇప్పుడు ఆయన పేరుతోనే ఉన్నాయి. శూన్యం తయారుచేసే విద్య మీద, అంటే వాక్యూమ్ మీద, ఇంగ్లీషులో ఏకంగా పుస్తకమే రాశారు ఆయన. ధ్యానం చేసే మనిషికి వాక్యూమ్ పంపు మీద అంత ప్రేమ ఉండటం నాకు చాలా ఇష్టమైన సంగతి.

సి.ఆర్. రావు గారి గురించి అందరికీ తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. విశాఖ ఏవీఎన్ కాలేజీలో చదివేటప్పుడు ఆయనకి చంద్రశేఖర అయ్యర్ స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ అయ్యర్ గారు రామన్ తండ్రి, అదే కాలేజీలో పాఠాలు చెప్పినవారు. తండ్రి జ్ఞాపకంగా రామన్ పెట్టిన స్కాలర్‌షిప్ ఒక తెలుగు కుర్రాడిని చదివించిందన్నమాట. ఆంధ్రా యూనివర్సిటీలో వి. రామస్వామి గారి దగ్గర గణితం చదివి ఫస్ట్‌క్లాసులో ఫస్ట్ వచ్చారు. యుద్ధకాలపు ఉద్యోగం కోసం కలకత్తా వెళితే, వయసు చాలదని పంపేశారు. అక్కడ మహలనోబిస్ గారి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి 1941 జనవరిలో అందులో చేరారు. పాతికేళ్లు నిండకముందు, క్లాసులో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకి ఆ రాత్రంతా కూర్చుని జవాబు రాబట్టారు, అదే 1945 నాటి పేపరులో వచ్చింది, ఇవాళ ప్రపంచమంతా క్రామర్–రావు అని చదువుకుంటున్నది, లెక్కకట్టిన అంచనాలో తేడా ఎంతకంటే తగ్గదో చెప్పే సూత్రం. స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి 2023లో ఇచ్చారు, ఆయనకి 102 ఏళ్లు. ఆ ఆగస్టులోనే పోయారు. బహుమతి వార్త వచ్చిన రోజు మా గ్రూపులో ఎప్పుడూ మాట్లాడని మాథ్స్ అమ్మాయి ఒకతి గంటసేపు వాయిస్ మెసేజ్‌లు పెట్టింది, ఏడుస్తూ.

ఇంకొకటి చెప్పకపోతే మా జియాలజీ వాళ్లు ఊరుకోరు. బీచ్ రోడ్డులో కూర్చుని శనగలు తినే వాళ్లందరం ఎదురుగా ఉన్న సముద్రం అడుగున ఏముందో ఆలోచించామా? 1952లో ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్ మీద అమెరికా నుంచి లఫాండ్ అనే ఓషనోగ్రాఫర్, అంటే సముద్ర శాస్త్రవేత్త, వచ్చారు. జియాలజీ ప్రొఫెసర్ సి. మహదేవన్ గారు, ఆయనా రామన్ దగ్గర పనిచేసినవారే, వైస్ ఛాన్సలర్ వి.ఎస్. కృష్ణ గారు కలిసి నేవీ ఓడలు అడిగి తెచ్చి పిల్లల్ని సముద్రం మీదికి పంపారు. మన దేశంలో ఓషనోగ్రఫీ చదువుకి అది తొలినాళ్ల చోటు. తర్వాత 1963లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో లఫాండ్ మన తీరం ఎదుట సముద్రగర్భంలో పెద్ద లోయలు గుర్తించి వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. యూనివర్సిటీకొకటి, ప్రొఫెసరుకొకటి, వైస్ ఛాన్సలరుకొకటి. నేను ఎమ్మెస్సీలో ఉన్నంతకాలం ఈ సంగతి నాకు తెలియదు. తెలిశాక మా అబ్బాయిని బీచ్‌కి తీసుకెళ్లి అటు వేలు చూపించి చెప్పాను.

ఇప్పుడు ఏ లిస్టులోనూ రాని మనిషి. ఎమ్మెస్సీ తర్వాత నేను కొన్నాళ్లు రీసెర్చ్ స్కాలర్‌గా ఉన్నాను. మా తరానికి పని మెల్లగా చెట్ల మీంచి సముద్రం వైపు తిరుగుతోంది, మెత్తని పగడాలు, స్పాంజీలు తెచ్చి ఎక్స్‌ట్రాక్టులు తీయడం మొదలైంది. నాకు ఇచ్చింది మాత్రం బెరడే. సాక్స్‌లెట్ అని, సాల్వెంటుని మరిగిస్తూ బెరడులోంచి సారం తీసే గాజు పరికరం పెడితే రోజుల తరబడి నడవాలి, ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌లో నీళ్లు ఆగకూడదు, ఆగితే సాల్వెంట్ ఆవిరైపోతుంది, అంటుకునే ప్రమాదం కూడా. మేము ఆడపిల్లలం హాస్టల్‌కి వేళకి చేరాలి. "మీరు వెళ్లండమ్మా, నేను చూస్తాను" అనేవారు మా ల్యాబు అటెండరు. పొద్దున వస్తే ఎన్నింటికి నీళ్లు సన్నబడ్డాయో, ఎప్పుడు మంట తగ్గించారో పాత కాగితం మీద పెన్సిల్‌తో రాసి ఫ్లాస్కు పక్కన పెట్టి ఉండేది. నా రికార్డు కంటే అదే శుభ్రంగా ఉండేది.

ఇంకొకరు గ్లాస్ బ్లోయర్ గారు. ఒకసారి గాలివానకి కిటికీ తలుపు కొట్టుకుని బల్లమీద ఉన్న కండెన్సర్ కింది జాయింటు విరిగింది. అలాంటిది మళ్లీ కొనాలంటే కాగితాలు, సంతకాలు, నెలలు. ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. ముక్కని వెలుతురుకి పెట్టి చూసి ఏ రకం గాజో చెప్పేశారు, రెండు రకాల గాజు కలిపితే చల్లారాక పగిలిపోతుందని, తన డబ్బాలోంచి అదే రకం పాత జాయింటు వెతికి తీశారు. నల్లటి కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఇటు ముక్క ఎడమచేత్తో, అటు ముక్క కుడిచేత్తో మంటలో ఒకే వేగంతో తిప్పుతూ ఉన్నారు, మంట పసుపుపచ్చగా భగ్గుమంది, రెండు అంచులు మెత్తబడి ఒకదాన్ని ఒకటి తాకాయి. నోట్లో రబ్బరు గొట్టం, ఉఫ్‌మని ఊది అతుకు సమం చేశారు. ఆ తర్వాత గాలి తగ్గించి, పొగ మంటలో చాలాసేపు తిప్పారు, గాజు మీద మసి పట్టింది. "తొందరపడి తీస్తే రాత్రికి టప్‌మంటుందమ్మా" అన్నారు. నేను యూనివర్సిటీ వదిలేదాకా ఆ కండెన్సర్ మీదే పనిచేశాను, నా తర్వాత వచ్చిన వాళ్లూ దాన్నే వాడారు. ఫిజిక్స్ వాళ్ల వాక్యూమ్ లైన్లు, మా డిస్టిలేషన్ సెట్లు, ఎన్నో ఆయన ఊపిరితోనే తయారయ్యాయి. మా థీసిస్సుల్లో అక్నాలెడ్జ్‌మెంట్ పేజీలో చివరి లైన్లో "టెక్నికల్ స్టాఫ్‌కి కృతజ్ఞతలు" అని ఉంటుంది. నాకు అది చాలదనిపిస్తుంది. సన్మానం చేసేటప్పుడు వీళ్ల పేర్లు కూడా స్టేజి మీద చదవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మా బ్యాచ్ వాళ్లం తలో దిక్కు. కొందరు హైదరాబాద్ మందుల కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరయ్యారు, ఇద్దరు అమెరికాలో స్థిరపడ్డారు, పేటెంట్లు ఉన్నాయి. ఎక్కువమందిమి మాత్రం శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా కాలేజీల్లో పాఠాలు చెప్పుకున్నాం. పార్వతీపురం వైపు పనిచేసిన మా స్నేహితురాలు, తన దగ్గర చదివిన గిరిజన అమ్మాయి మొన్న కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసిందని ఫోన్ చేసి చెప్పింది. ఆ అమ్మాయి ఫొటో మా గ్రూపులో పెట్టాం, భగవంతం గారి ఫొటో కిందే వచ్చింది.

చివరగా ఒక్క సాయం. నేను చెప్పిన గ్లాస్ బ్లోయర్ గారి పేరు వెతుకుతున్నాం. మేమంతా ఆయన్ని "బ్లోయర్ గారూ" అనే పిలిచాం, మొన్న ఫోన్లో ముగ్గురం మాట్లాడుకుంటే ముగ్గురం మూడు ఇంటిపేర్లు చెప్పాం. 1980ల్లో సైన్స్ కాలేజీలో చదివిన వాళ్లు, వర్క్‌షాపు దగ్గర దిగిన గ్రూపు ఫొటోలు ఉన్నవాళ్లు, ల్యాబు పాత రిజిస్టర్లు చూసే వీలున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వెతికి, దొరికితే ముందు ఆయన కుటుంబానికి చెప్పి, వాళ్లు సరేనంటేనే మాకు తెలియజేయండి. వందేళ్ల సభలకి వాళ్లని పిలవాలని డిపార్ట్‌మెంటుకి ఉత్తరం రాసి ఉంచాం, పేరు రాయాల్సిన చోటు మాత్రమే ఖాళీగా ఉంది.